రాత్రి ఫోన్ ఆపలేని థెరపిస్ట్: ఒక సూపర్‌విజన్ కేసు

ఈ కేసులో క్లయింట్ కుర్చీలో కూర్చున్నది ఒక థెరపిస్ట్. పేరు స్వాతి అనుకుందాం. వయసు, ఊరు, కుటుంబం, ఆమె క్లయింట్ల వివరాలు గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను. రాసింది ఆమెకు చూపించాను. వద్దన్న రెండు వాక్యాలు తీసేసి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఇది బయటికి తెస్తున్నాను. నేను హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేస్తున్నాను, జూనియర్లకు సూపర్‌విజన్ చేస్తుంటాను, అంటే వాళ్ల కేసులు వాళ్లతో కలిసి చూసి దారి చెబుతుంటాను. ఈ కేసులో మొదటి రెండు నెలలూ నేను తప్పు దారిలో నడిచాను. దీన్ని రాయడానికి ముఖ్య కారణం అదే.

నేపథ్యం

స్వాతికి 32 ఏళ్లు. ఎంఫిల్ పూర్తిచేసి ఆరేళ్లయింది. వారంలో మూడు రోజులు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓపీలో కూర్చుంటుంది. ఐదు సాయంత్రాలు సొంత క్లినిక్, అంటే ఒక పళ్ల డాక్టరు గారి మేడ మీద అద్దెకు తీసుకున్న గది. ఇవి కాక వారానికి నాలుగు ఉదయాలు అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఆన్‌లైన్ సెషన్లు. డాలస్‌లో వేసవి సాయంత్రం ఏడున్నర అంటే మనకు మర్నాడు తెల్లవారి ఆరు. అక్కడ థెరపిస్టులు లేక కాదు, అత్తగారు అన్న ఒక్క మాట ఎందుకంత గుచ్చుకుందో ఇంగ్లిష్‌లో చెప్పుకోలేక వాళ్లు ఇటువైపు వెతుక్కుంటారు.

లెక్క వేస్తే ఆసుపత్రిలో 18, క్లినిక్‌లో 10, ఆన్‌లైన్‌లో 4. వారానికి మొత్తం 32 సెషన్లు. వాళ్లలో 11 మంది చనిపోవాలన్న ఆలోచనలతోనో, హింస అనుభవించో వచ్చినవాళ్లు.

ఆసుపత్రిలో ఒక్కో సెషన్‌కి అరగంట. డాక్టరు చీటీ మీద మందుల కింద "కౌన్సెలింగ్" అని ఒక ముక్క రాస్తారు. "ఈ అబ్బాయికి కాస్త కౌన్సెలింగ్ ఇచ్చేయమ్మా" అని ఫోన్ వస్తుంది, ఇంజెక్షన్ ఇమ్మన్నట్టే. ఆమె గది బిల్లింగ్ కౌంటర్ పక్కనే. లోపల ఒక మనిషి ఏడుస్తుంటే గోడ అవతల మైకులో టోకెన్ నంబర్లు పిలుస్తుంటారు. జీతం లేదు, సెషన్‌కి ఇంత అని లెక్క. ఒక రోజు రాకపోతే ఆ రోజు డబ్బు లేదు. ఇంటి లోన్ ఈఎంఐలో సగం ఆమె కడుతోంది.

మన దగ్గర చదువు ముగిసేదాకా సూపర్‌విజన్ ఉంటుంది. ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్లది, ఎవరి ఖర్చు వాళ్లది. బ్రిటన్‌లో బీఏసీపీ అనే కౌన్సెలర్ల సంఘం తన గుర్తింపు (అక్రెడిటేషన్) పొందిన సభ్యులకు, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే, నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి చేసింది. స్వాతి తన కేసు గురించి ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని చివరిసారి మాట్లాడి అప్పటికి నాలుగేళ్లు దాటింది.

ఏం చెప్పుకుంటూ వచ్చింది

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. చదువుకునే రోజుల్లో నా దగ్గర కొన్నాళ్లు శిక్షణ తీసుకుంది, ఆ చనువు ఉంది. "మేడమ్, నేను ఈ పనికి పనికిరానేమో" అంది.

వాళ్ల పనమ్మాయి ఆ వారం ఒక ఉదయం చెంప వాచిపోయి వచ్చిందట. "రాత్రి మళ్లీ కొట్టాడమ్మా" అందట. "సరే, ముందు గిన్నెలు తోమెయ్. నాకు ఏడింటికి సెషనుంది" అని చెప్పి స్వాతి గది తలుపు వేసుకుంది. భర్త తనతో సరిగ్గా మాట్లాడటం లేదని బాధపడుతున్న ఒక అమెరికా క్లయింట్ చెప్పిందంతా 50 నిమిషాలు విని, అడగాల్సిన చోట అడిగి, ఆగాల్సిన చోట ఆగింది. ల్యాప్‌టాప్ మూశాక గానీ పనమ్మాయి ముఖం గుర్తు రాలేదు. తలుపు తీసి చూస్తే గిన్నెలు తోమేసి వెళ్లిపోయింది.

"డబ్బులిచ్చే మనిషి బాధ విన్నాను మేడమ్. నా వంటింట్లో నిలబడ్డ మనిషిది వినలేదు."

నేరుగా కలిసినప్పుడు మిగతావి చెప్పింది. క్లయింట్ రావట్లేదని మెసేజ్ వస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. ఒక క్లయింట్ అక్క గురించి పొరబాటున ఇంకో క్లయింట్‌ని అడిగేసింది. తెల్లవారుజామున రెండున్నరకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఒకరోజు భర్త ఆఫీసులో జరిగిన గొడవ చెబుతుంటే, తెలియకుండానే "ఆ మాట విన్నప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగిందట. "ఫీజు ఎంతివ్వాలి?" అన్నాడాయన. ఆయన నవ్వాడు గానీ తను నవ్వలేకపోయానంది.

మొదటి నిర్ణయాలు

నేను ఆమెకు ఏమవుతానన్నది ముందుగా తేల్చుకోవాలి. సూపర్‌వైజర్‌నా, థెరపిస్ట్‌నా? రెండూ ఒకరే అయితే సుఖంగానే ఉంటుంది, ముఖ్యంగా చనువు ఉన్నప్పుడు. కానీ సూపర్‌వైజర్‌గా నేను ఆమె పని నాణ్యతను చూడాలి, అవసరమైతే "ఈ క్లయింట్‌ని వేరేవాళ్లకు అప్పజెప్పు" అని చెప్పాలి. అలాంటి మనిషి ముందు లోపలి భయాలన్నీ ఎవరూ పూర్తిగా విప్పరు. అందుకని పని వరకే నేను చూస్తానని, సొంత థెరపీకి వేరే ఊళ్లో ఉన్న ఒకరి పేరు ఇస్తానని చెప్పాను. తల ఊపింది గానీ మూడు నెలల దాకా వెళ్లలేదు.

ఇది నిజంగా బర్న్‌అవుటేనా, అంటే పని ఒత్తిడితో లోపల కాలిపోవడమేనా అన్నది రెండో ప్రశ్న. థెరపిస్ట్ అలసిపోయానంటే మనం వెంటనే ఆ పేరు పెట్టేస్తాం. రక్తపరీక్షలు చేయించుకోమన్నాను. థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ 9.6. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. డిప్రెషన్ ఉందేమో చూడటానికి, ఆమె పనిచేసే ఆసుపత్రితో సంబంధం లేని సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను. పనిచేసేచోట పేషెంట్ ఫైల్ తెరిపించడం ఎవరికైనా కష్టమే. ఆయన పూర్తిస్థాయి డిప్రెషన్ లేదన్నారు. ఆదివారం కొడుకుతో పార్కులో ఉన్నప్పుడు, మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తున్నప్పుడు ఆమె మామూలుగానే ఉంటోంది, విసుగంతా పని చుట్టూనే ఉంది. డిప్రెషన్ అయితే సాధారణంగా ఇంత హద్దు పాటించదు. ఈ గీత ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండదు కాబట్టి రెండు నెలల తర్వాత మళ్లీ చూపించుకోమని రాశారు.

సెలవు కోసం ఏమని రాసిస్తారని ఆయన్ని అడిగిందట. బర్న్‌అవుట్ అని రాయడం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో దాన్ని పనికి సంబంధించిన స్థితిగా చేర్చింది తప్ప జబ్బుగా లెక్కించలేదు. అలసట, పని మీద ఏవగింపు, చేతకావట్లేదన్న భావన అనే మూడు లక్షణాలు మాత్రం అక్కడ స్పష్టంగా చెప్పారు. పనమ్మాయి ఉదంతం ఆ రెండో దాని కిందికి వస్తుంది. మనసు తన వాటా ఖర్చు తగ్గించుకోవడానికి ఎదుటి మనిషిని మనిషిగా చూడటం మానేస్తుంది.

ప్రోక్వల్ అనే 30 ప్రశ్నల ప్రశ్నావళి కూడా నింపించాను. సాయం చేసే వృత్తుల్లో ఉన్నవాళ్ల కోసం తయారైంది. మూడు భాగాలు, ఒక్కోదానికి 50కి మార్కులు. పనిలో తృప్తి 30, బర్న్‌అవుట్ 37. రెండూ మధ్యస్థమే. ఇతరుల గాయాలు వినీ వినీ మనకు పట్టుకునే ఒత్తిడిని కొలిచే మూడో భాగంలో మాత్రం 43 వచ్చింది. 42 గానీ ఆపైన గానీ వస్తే ఎక్కువ కింద లెక్క.

ఆ 43ని నేను చూశాను. చూసి, "11 మంది అలాంటి క్లయింట్లు ఉంటే ఆ మాత్రం వస్తుందిలే" అనుకుని పక్కన పెట్టాను. పని ఎక్కువైంది, పని తగ్గించాలి అని అప్పటికే నా మనసులో తీర్పు రాసేసుకున్నాను. ఒక క్లయింట్ విషయంలో నా జూనియర్ ఇలా చేస్తే ఊరుకునేదాన్ని కాదు.

విఫలమైనవి

ముందు సెలవు. పది రోజులు ఎక్కడికైనా వెళ్లి రమ్మన్నాను. పెద్దమ్మగారి ఊరు వెళ్లింది. ఫోన్ కూడా వెళ్లింది. కొబ్బరితోటలో మంచం వేసుకుని పడుకుని వాట్సాప్ చూసుకుంటూ గడిపింది. ఆ నెల ఆదాయంలో మూడోవంతు పోయింది. వాయిదా పడ్డ సెషన్లన్నీ వచ్చాక మీద పడ్డాయి. మొదటి మూడు రోజులూ రోజుకి తొమ్మిదేసి మందిని చూసింది. నాలుగో రోజు నాకు ఫోన్ చేసినప్పటి గొంతు సెలవుకి ముందుకంటే అధ్వానంగా ఉంది.

అయినా నాకు అర్థం కాలేదు. సెలవు పనిచేయకపోవడానికి కారణం ఫోన్ కదా, అయితే ఫోన్‌ని కట్టడి చేద్దాం అనుకున్నాను. ఇద్దరం కూర్చుని ఒక మెసేజ్ రాశాం: "రాత్రి 8 తర్వాత మెసేజ్‌లు చూడను. మర్నాడు ఉదయం 10లోపు జవాబిస్తాను." క్లయింట్లందరికీ పంపింది. మన క్లయింట్లలో చాలామంది రెండో సెషన్‌కే "అక్కా" అని పిలవడం మొదలుపెడతారు. అక్క రాత్రి ఎనిమిది తర్వాత అక్క కాకుండా పోతుందని వాళ్లకు చెప్పడం అంత తేలిక కాదు. అయినా ఆశ్చర్యంగా వాళ్లు దాన్ని పాటించారు. దాటింది స్వాతే.

నాలుగు రోజులు ఆగింది. ఐదో రాత్రి ఒకావిడ "అక్కా, ఉన్నారా?" అని పెట్టింది. భర్తకు వినపడకుండా బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆవిడకు ఫోన్ చేసి మాట్లాడింది. ఆవిడ అడగాలనుకున్నది శనివారం అపాయింట్‌మెంట్ గురించి. ఆ తర్వాత ఇది రోజూ జరిగింది. నాకు మాత్రం మూడు వారాలు చెప్పలేదు. అడిగితే "బాగానే నడుస్తోంది మేడమ్" అనేది. దాయాల్సి వచ్చిందంటే ఆమెకు నేను సూపర్‌వైజర్‌ని కాకుండా హోంవర్క్ చూసే టీచర్‌నయ్యానన్నమాట. ప్రాణాయామం, నిద్ర పట్టించే యాప్‌లు కూడా ఈ మధ్యలోనే నడిచాయి. వాటి గురించి చెప్పుకోవడానికేమీ లేదు. తన క్లయింట్లకు తనే చెప్పే విషయాలు నా నోట వింటుంటే మర్యాద కోసం తల ఊపేది.

మలుపు

ఆరోసారి కలిసినప్పుడు ఒకటి గమనించాను. మేం మాట్లాడుతున్నంతసేపూ ఫోన్ ఒళ్లో ఉంది, స్క్రీన్ పైకి. వెలిగినప్పుడల్లా కళ్లు కిందికి వెళ్తున్నాయి, వెంటనే పైకి వస్తున్నాయి. ఒక్కసారి కూడా ఫోన్ చేతిలోకి తీసుకోలేదు, ఏ మెసేజూ తెరవలేదు. ఎవరినీ కాదనలేని మనిషి, అందరికీ జవాబివ్వాలని తపించే మనిషి ఇలా చేయదు. తెరుస్తుంది, కనీసం తెరవాలని చేతులు పిసుక్కుంటుంది. ఈమె పేరు చూసి వదిలేస్తోంది.

"ఎవరి పేరు కోసం చూస్తున్నావమ్మా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "రాదని నాకు తెలుసు మేడమ్" అంది.

అప్పుడు చెప్పింది. 14 నెలల కిందట ఒక అబ్బాయి వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి, చదువులో వెనకబడ్డాడు, ఇంట్లో చెప్పలేదు. చనిపోతే బాగుండనిపిస్తుంది అన్నాడు. స్వాతి అడగాల్సినవన్నీ అడిగింది. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన లేదు. అతని ఒప్పుకోలుతోనే సెషన్‌లోంచి అన్నయ్యతో ఫోన్‌లో మాట్లాడింది. ఆ ఆలోచన ఉధృతమైతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకున్నారు, అతను మడిచి పర్సులో పెట్టుకున్నాడు. రెండో సెషన్‌లో కొంచెం నవ్వాడు కూడా.

మూడో సెషన్‌కి రెండు రోజుల ముందు సాయంత్రం 7:10కి అతని దగ్గర్నుంచి కాల్ వచ్చింది. అప్పుడామె ఇంకో సెషన్‌లో ఉంది, ఫోన్ సైలెంట్‌లో ఉంది. మిస్డ్‌కాల్ చూసేసరికి 8:30. ఇంటికి వచ్చింది, కొడుక్కి జ్వరం, రేపు పొద్దున చేద్దాం అనుకుంది. మర్నాడు 7:40కి చేస్తే స్విచాఫ్. అన్నయ్య నంబర్ మోగి కట్ అయింది, మళ్లీ కలవలేదు. మూడో సెషన్‌కి అతను రాలేదు. కొన్నాళ్లకు వాట్సాప్‌లో ఫొటో పోయింది, పంపిన మెసేజ్‌కి ఒక్క టిక్కే మిగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలియదు. బతికున్నాడో లేదో తెలియదు. నంబర్ మార్చాడేమో, వేరే ఊరు వెళ్లాడేమో, ఈమె నచ్చక ఇంకెవరి దగ్గరికైనా వెళ్లాడేమో. మన పనిలో మధ్యలో మానేసేవాళ్లు కొల్లలు, వాళ్లలో చాలామంది ఎక్కడో మామూలుగా బతుకుతుంటారు. ఈ మాట స్వాతికి నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు నా ఫోన్ రూల్‌ని మళ్లీ చూడండి. రాత్రి 8 తర్వాత ఫోన్ చూడకు, మర్నాడు జవాబివ్వు. ఆ రాత్రి తను చేసిన పనినే, 14 నెలలుగా తనను తినేస్తున్న పనినే, ఇక నుంచి రోజూ చేయమని నేను చీటీ రాసిచ్చాను. ఆమె నాలుగు రోజులు పాటించగలగడమే గొప్ప.

వారానికి 32 సెషన్లు ఎందుకు పెట్టుకుందో కూడా అప్పుడే అర్థమైంది. ఈఎంఐ ఒక కారణం, నిజమే. కానీ ఆ అబ్బాయి తర్వాతి నుంచి ఆమె ఒక్క రిఫరల్‌ని, అంటే ఎవరైనా తన దగ్గరికి పంపిన కేసుని, కూడా వద్దనలేదు. చనిపోవాలన్న ఆలోచనలతో వచ్చినవాళ్లను ముఖ్యంగా.

1974లో బర్న్‌అవుట్ అన్న మాటకు వృత్తిలో చోటిచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ పగలంతా సొంత ప్రాక్టీస్ చేసుకుని, సాయంత్రాలు న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడు. అక్కడివాళ్లతో పాటు తనూ అలా కాలిపోయాకే దాని గురించి రాశాడు. ఆ చిత్రమే నా బుర్రలో ఉంది: ఎక్కువ పని, అలసట, విశ్రాంతి. 1990లో లిసా మెక్‌కాన్, లారీ ఆన్ పెర్ల్‌మన్ అనే సైకాలజిస్టులు ఇంకో సంగతి రాశారు. బాధితుల కథలు వినే థెరపిస్ట్‌కి లోకం మీద, తన మీద ఉన్న నమ్మకాలే మెల్లగా మారిపోతాయని. స్వాతికి మారింది ఒకే ఒక నమ్మకం: నేను చూడని గంటలో ఒక మనిషి పోవచ్చు. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు మొదటిదానికి మాత్రమే మందు వేస్తే రెండోది దాన్ని కక్కించేస్తుంది.

ఫైల్ తెరవడం

"నీ తప్పేం లేదు" అని నేను అనలేదు. ఆ మాట రోజుకు నాలుగుసార్లు ఆమె ఇతరులకు చెబుతుంది, దాని బరువెంతో ఆమెకు తెలుసు. ఫైల్ తెమ్మన్నాను. 14 నెలల్లో ఒక్కసారీ తెరవలేదట. ఇద్దరం గంటన్నర కూర్చుని వరుసగా చదివాం. నేను అడిగింది ఒకటే ప్రశ్న: "ఆ రాత్రి 8:30కి నీకు తెలిసినవేంటి? తర్వాత తెలిసినవి కలపకుండా చెప్పు."

ఫైల్‌లో ఆమె చేతిరాతతోనే అంతా ఉంది. రిస్క్ అంచనా, అన్నయ్యతో మాట్లాడిన సమయం, మర్నాటి కాల్స్, వారం తర్వాత మళ్లీ చేసిన కాల్, పంపించిన సైకియాట్రిస్ట్‌కి తెలియజేసిన తేదీ. "ఇదంతా నేనే రాశానా?" అంది. తనకు గుర్తున్న కథలో తను మిస్డ్‌కాల్ చూసి పడుకుంది, అంతే.

లోపాలు కూడా దొరికాయి. అత్యవసరంలో మాట్లాడటానికి ఒక్క అన్నయ్య నంబరే తీసుకుంది, రెండోది తీసుకోలేదు. మిస్డ్‌కాల్ వస్తే ఎంతసేపట్లో తిరిగి చేస్తానన్నది అతనికి ముందే చెప్పలేదు. వీటిని లోపాలనే ఇద్దరం ఒప్పుకున్నాం. ఆమెకు ఊరటనిచ్చింది అదేనేమో. అంతవరకు పట్టుకోవడానికి అంచు లేని తప్పు ఒకటి మోస్తోంది. ఇప్పుడు కొలత ఉన్నవి రెండు చేతికొచ్చాయి.

ఆ తర్వాతది ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. అతని గురించి వాకబు చేయాలా? అన్నయ్య నంబర్ ఇప్పుడు కలవొచ్చు. కాలేజీ పేరు తెలుసు. ఒక్క ఫోన్‌తో తేలిపోతుందని ఆమె అంది. నాకూ చేతులు లాగాయి. చివరికి వద్దనుకున్నాం. మూడో సెషన్‌కి రానప్పుడు చేసిన కాల్స్ అతని కోసం చేసినవి. 14 నెలల తర్వాత చేసేది మన కోసం. కాలేజీకి ఫోన్ చేస్తే అతను థెరపీకి వెళ్లాడన్న సంగతి మూడో మనిషికి చెప్పినట్టే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను పేషెంట్ హక్కుగా రాసింది. ప్రాణాపాయం లాంటి మినహాయింపులున్నాయి గానీ, థెరపిస్ట్ నిద్ర వాటిలో లేదు. అన్నయ్యకు చేయడం మీద మాత్రం నాకు ఇప్పటికీ పూర్తి స్పష్టత లేదు. ఇంకో సూపర్‌వైజర్ ఉంటే చేయమనేవారేమో, దాన్ని తప్పనలేను.

ఆ వారమే ఆమె నేనిచ్చిన పేరుకు ఫోన్ చేసి సొంత థెరపీ మొదలుపెట్టింది. అక్కడేం మాట్లాడుకుందో నాకు తెలియదు, నేను అడగలేదు.

పనిచేసినవి

ఫోన్‌కి గోడ కట్టడం మానేసి దారి వేశాం. పనికి వేరే సిమ్, వేరే ఫోన్. మొదటి సెషన్‌లోనే క్లయింట్‌తో కలిసి ఒక పేజీ ఒప్పందం: నేను ఎప్పుడు దొరుకుతాను, ఎప్పుడు దొరకను, దొరకనప్పుడు ఎవరు. ఆ "ఎవరు"లో ఇద్దరు సొంతవాళ్ల నంబర్లు, దగ్గర్లో రాత్రంతా తెరిచుండే ఆసుపత్రి, 108, టెలీ మానస్ నంబర్ 14416 ఉంటాయి. టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం, 24 గంటలూ తెలుగులోనూ మాట్లాడతారు. ఒప్పందం సంతకం దగ్గర వదిలేయకుండా క్లయింట్ తన ఫోన్‌లో 14416 సేవ్ చేసుకునేదాకా ఆమె ఆగుతుంది. వాట్సాప్‌లో ఎప్పుడు మెసేజ్ వచ్చినా దానంతటదే వెళ్లే జవాబులోనూ ఇవే ఉన్నాయి.

పుస్తకం ప్రకారమైతే ఇక సాయంత్రం ఫోన్ చూడకూడదు. నేను 8:30కి పది నిమిషాలు చూడమన్నాను. కావాలనే 8:30. మిస్డ్‌కాల్ ఉంటే అప్పుడే తిరిగి చేస్తుంది, లేకపోతే ఫోన్ బీరువాలోకి. ఆ గంటను ఆమె నుంచి తీసేసుకోవడం కంటే, అది తన చేతుల్లో ఉందని రోజూ చూసుకోవడం మేలనిపించింది. మొదటి రెండు వారాలు పది నిమిషాలు నలభై అయ్యాయి. నెల తిరిగేసరికి చాలా రోజుల్లో రెండు నిమిషాలు కూడా పట్టడం లేదంది. బాత్‌రూమ్ కాల్స్ ఆగిపోయాయి. ఆగమని నేను చెప్పలేదు.

పని లెక్క దగ్గర డబ్బు అడ్డొచ్చింది, దాన్ని దాటి మాట్లాడే సలహాలు నాకు నచ్చవు. కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాం. అమెరికా క్లయింట్లకు ఆరేళ్ల కిందటి ఫీజే నడుస్తోంది. పెంచడానికి మొహమాటం. పెంచింది, నలుగురిలో ఒకరు మానేశారు, ముగ్గురు మారు మాట్లాడలేదు. ఆ ముగ్గురినీ రెండు ఉదయాల్లోకి సర్దింది. ఆసుపత్రిలో సెషన్ 45 నిమిషాలు చేయమని అడిగితే ఓపీ నడవాలి కదమ్మా అన్నారు. ఆత్మహత్య ఆలోచనలున్న కొత్త కేసులు వారానికి రెండుకు మించి పంపొద్దని అక్కడి సైకియాట్రిస్ట్‌ని అడిగితే ఒప్పుకున్నారు. ఆ మాట రెండు నెలలు నిలిచి, పరీక్షల ఫలితాల రోజుల్లో కొట్టుకుపోయింది. ఆసుపత్రి మారలేదు. చివరికి తనే మూడు రోజుల్ని రెండు చేసుకుంది. ఇప్పుడు వారానికి 25 సెషన్లు. ఆదాయం కొంత తగ్గింది. ఒక చిట్టీ మధ్యలో వదిలేయాల్సి వచ్చింది.

రోజులో వరుస మార్చడం చిన్న పనే గానీ ఫలితం త్వరగా కనిపించింది. హింస కథలు రెండు వెంటవెంటనే రాకుండా మధ్యలో పరీక్షల భయమో, దంపతుల తగాదానో పెట్టుకుంటుంది. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య పది నిమిషాల్లో నోట్స్ అప్పుడే రాసేస్తుంది. రాత్రికి మిగిల్చిన నోట్స్ అంటే ఆ కథను రెండోసారి వినడమే.

ఇంకొకటి ఆమె సొంతంగా కనిపెట్టుకుంది. వాళ్ల అమ్మమ్మ చావింటికి వెళ్లొచ్చినవాళ్లను వాకిట్లోనే నీళ్లు పోసుకుని గానీ లోపలికి రానిచ్చేది కాదట. "నేను రోజూ అలాంటి ఇళ్లకే వెళ్లొస్తున్నాను కదా మేడమ్, నేరుగా మంచం మీదికి వచ్చేస్తున్నాను" అంది. క్లినిక్ నుంచి రాగానే స్నానం, బట్టలు మార్చుకోవడం, ఆ తర్వాతే కొడుకుని ఎత్తుకోవడం. దీనికి ఆధారమేంటని నన్నడిగితే చెప్పలేను. చేస్తోంది, ఆపమని నేననలేదు.

రెండు వారాలకోసారి శనివారం నలుగురు థెరపిస్టులు కలిసే ఒక చిన్న గుంపు కూడా పెట్టాం. ఒక్కటే నియమం, బాగా నడిచిన కేసు చెప్పకూడదు. మొదటిసారి పది నిమిషాలు అందరూ టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒకాయన, నాకంటే సీనియర్, తనకు వచ్చిన ఒక మిస్డ్‌కాల్ గురించి మొదలుపెట్టాడు. స్వాతి కేసు ఆయనకు తెలియదు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు అలసిపోయానని వచ్చే థెరపిస్ట్‌ని వారానికి ఎంతమందిని చూస్తావని అడిగే ముందు, మధ్యలో మానేసినవాళ్లలో ఇంకా గుర్తొస్తున్నది ఎవరని అడుగుతున్నాను. కొందరికి ఎవరూ ఉండరు, వాళ్లకు నిజంగా పనే ఎక్కువ, సెలవు బాగానే పనిచేస్తుంది. ప్రోక్వల్‌లో మూడో భాగాన్ని ముందు చూస్తున్నాను. ఎవరైనా ఫోన్ రూల్‌ని దాటితే మందలించే ముందు, ఎటువైపు దాటారో చూస్తున్నాను.

పనమ్మాయి విషయం అడుగుతారు కాబట్టి చెబుతాను. ఆ మర్నాడే స్వాతి ఆమెను కూర్చోబెట్టి మాట్లాడింది. ఆ అమ్మాయి చెప్పింది వేరే సంగతి, అది ఆమెది, ఇక్కడ రాయను.

ఏడాది గడిచింది. ప్రోక్వల్ మూడో భాగం 43 నుంచి 33కి దిగింది. రెండున్నరకు మెలకువ అప్పుడప్పుడు వస్తూనే ఉంది. ఆ అబ్బాయి నంబర్ ఫోన్‌లో అలాగే ఉంచుకుంది, నేను తీసేయమనలేదు. కిందటి నెల సూపర్‌విజన్‌కి వచ్చి, కూర్చోకముందే ఫోన్ తీసి చూపించింది. ఆ నంబర్‌కి మళ్లీ ఫొటో వచ్చింది. ఒక టైర్ల షాపు బోర్డు, ముందు నిలబడ్డ నడివయసు మనిషి. అతని నంబర్ ఎవరికో కొత్తగా ఇచ్చేశారు.

"ఇంక ఇది కూడా ఏమీ చెప్పదు మేడమ్" అంది. కాసేపు ఆ టైర్ల షాపునే చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఫోన్ బ్యాగులో పెట్టి, జిప్ వేసి, ఆ వారం వచ్చిన కొత్త క్లయింట్ నోట్స్ తీసింది.